నడిమి ముక్క

సంజీవమ్మ జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఒక పల్లెలో, పెద్దరెడ్డి ఇంట్లో వంట చేసేది. ఆ ఇంట్లో వంట బాగుంటే చాలదు. వండిన మనిషే ప్రతి గిన్నెలోంచీ ముందు ఒక ముద్ద తినాలి. రెడ్డి నమ్మిన మనిషి ఎర్రన్న ఎదురుగా నిలబడి ఆమె మింగేదాకా చూసేవాడు. కాసేపు ఆగి, ఆమె ముఖం మళ్లీ ఒకసారి చూసి తల ఊపేవాడు. అప్పుడే అన్నం లోపలికి పోయేది. రెడ్డికీ పక్క ఊరివాళ్లకీ పాత పగ. రెండు వైపులా మనుషులు పోయారు. ఎన్నికలు వస్తే పగకు పార్టీల పేర్లు తోడయ్యేవి.

ఆమె భర్త పుల్లన్న గొర్రెలు మేపుకునేవాడు. రెడ్డి రమ్మంటే జీపు ఎక్కాడు. ఒక పొద్దున ఆ జీపు మీద బాంబులు పడ్డాయి. రెడ్డి వెనక జీపులో ఉండి బతికాడు. చంటిబిడ్డ నాగవేణిని తన తల్లి దగ్గర వదిలి సంజీవమ్మ కువైట్ పోయింది. చాలా ఏళ్లకు తిరిగి వస్తే రెడ్డే పిలిపించి, "నువ్వు మా ఇంటి మనిషివి మ్మే, ఈడనే ఉండు" అని వంటింట్లో పెట్టుకున్నాడు. వద్దనే ధైర్యం ఆమెకు లేదు.

కువైట్‌లో ఆమె పనిచేసిన ఇంట్లో పిల్లలకు జపాన్ వాళ్ల సుషీ అంటే ప్రాణం. ఆ ఇంటి ఫిలిప్పీన్స్ వంటమనిషి సంజీవమ్మకు కూడా దాన్ని చుట్టడం నేర్పింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె పెట్టెలో బట్టల కింద నోరి కట్టలు, చిన్న వెదురు చాప, చేపల డబ్బాలు తెచ్చుకుంది. నోరి అంటే సముద్రపు నాచును ఎండబెట్టి కాగితంలా చేసిన నల్ల రేకు.

రెండు వేల నాలుగు ఎన్నికలకు ముందు మాట ఇది. నాగవేణి పులివెందులలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. సెలవుకు వచ్చిన బిడ్డ కోసం సంజీవమ్మ తన రెండు గదుల ఇంట్లో సుషీ చేయడానికి కూర్చుంది. సోనా బియ్యమైతే పొడిపొడిగా విడిపోతాయని కొత్త బియ్యం తెచ్చి ముద్దగా వండింది. వెనిగర్‌లో చక్కెర, ఉప్పు కరిగించి అన్నంలో కలిపి, విసనకర్రతో విసిరి ఆరబెట్టింది. చాప మీద నల్ల రేకు పరిచి, చేతులు తడి చేసుకుని అన్నాన్ని పలచగా అద్దింది. మధ్యలో కీరదోస, కోడిగుడ్డు అట్టు ముక్కలు, డబ్బా చేప వరసగా పెట్టి, చాపతో పాటు గట్టిగా చుట్టింది. అప్పుడే ఆమెను పనికి పిలవడానికి ఎర్రన్న వచ్చాడు.

"ఏందిది సంజీవమ్మా, బొగ్గుకట్టె మాదిరి ఉండాది?"

"జపానోళ్ల తిండి మామా. కూర్చో, తిందువు."

కత్తిని నీళ్లలో ముంచి చుట్టను ముక్కలుగా కోసింది. రెండు చివర్ల ముక్కలూ వంకరగా వస్తాయి. వాటిని తన నోట్లో వేసుకుని, నడిమి ముక్కలు నాగవేణికీ ఎర్రన్నకూ పెట్టింది.

"చివరివి నువ్వే తింటాండావే?" అని అడిగాడు ఎర్రన్న.

"అవి సక్కగా రావు మామా. ఎప్పుడూ నేనే తింటా."

ఎర్రన్న నమిలి, మొహం వికారంగా పెట్టి, అయినా మింగేశాడు. రెడ్డి ఇంటికి పోయి ఈ వింత చెప్పాడు. బెంగళూరులో చదివిన చిన్న కోడలు అది విని ముచ్చటపడింది. వచ్చే శుక్రవారం హైదరాబాదు నుంచి పార్టీ పెద్దలు భోజనానికి వస్తున్నారు, ఆ రోజు ఇదే చేయమంది. సంజీవమ్మ సరేనంది. సెలవు అయిపోయి నాగవేణి హాస్టల్‌కు పోయింది.

గురువారం ఆమె ప్రొద్దుటూరు మార్కెట్‌కు పోయింది. కీరదోసలు ఏరుతుంటే పక్కన ఒకడు వచ్చి నిలబడ్డాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. ఎప్పుడూ చూడని మనిషి.

"నీ మొగుడు ఎవురి కోసం సచ్చినాడో మర్చిపోయినావా?" అన్నాడు మెల్లగా, తనూ ఒక కీరదోస చేతిలోకి తీసుకుని.

ఆమె ఏరిన కీరదోసలు గబగబా సంచిలో వేసుకుంది.

"రేపు మీ రెడ్డికి ఏదో కొత్త తిండి పెడతాండావంట. దాని రుచి ఎట్లుండాల్నో ఆ ఇంట్లో ఒక్కరికీ తెల్దు. చేదుగా ఉన్యా, పుల్లగా ఉన్యా అదంతేలే అనుకుంటారు." ఒక పొట్లం ఆమె సంచిలోకి జారవిడిచాడు. "నడిమి అన్నంలో కలుపు. చివరి ముక్క నువ్వు తిను. నువ్వు ఎప్పుడూ చివరిదే తింటావంట కదా."

సంజీవమ్మ సంచి మూతి గట్టిగా పట్టుకుంది.

"నాగవేణి ట్యూషన్‌కు హాస్టల్ వెనక గేటు నుంచి పోతాది. ఎర్ర రిబ్బన్ల పిల్లే కదా?" అని కీరదోసను బుట్టలో పెట్టేసి వాడు జనంలో కలిసిపోయాడు.

బిడ్డ పేరు కూడా వాడికి తెలుసు. అయితే ఆమెను ఎక్కువ వణికించింది ఇంకో మాట. తను చివరి ముక్క తింటుందని ఈ ఊళ్లలో తెలిసింది ఇద్దరికే. ఒకరు నాగవేణి. రెండో మనిషి ఎర్రన్న. తను ప్రతి ముద్దా మింగుతుంటే కాపలా నిలబడి చూసే ఎర్రన్న.

రెడ్డితో చెప్పాలంటే భయం. ఎర్రన్న పెళ్లి కాకముందు నుంచీ రెడ్డి వెంట ఉన్నవాడు. ఆమె మాట, అతని మాట ఎదురెదురుగా పెడితే ఎవరిది నిలుస్తుంది? ఒకవేళ నమ్మినా, సాయంత్రానికి రెండు ఊళ్లూ తగలబడతాయి. చెప్పకుండా, కలపకుండా ఊరుకుంటే అక్కడ హాస్టల్ గేటు ఉంది. ఇక కలపడమా? ఆ మాట మనసులోకి రాగానే ఆమె మార్కెట్‌లోంచి బయటపడింది.

నేరుగా ఖమర్‌బీ ఇంటికి పోయింది. ఖమర్‌బీదీ ప్రొద్దుటూరే. కువైట్‌లో పక్కింట్లో పనిచేసిన మనిషి. ఇద్దరూ ఒకే విమానంలో పోయి, ఒకరి జ్వరానికి ఒకరు కాపలా కాసుకున్నవాళ్లు. తలుపు వేసి సంజీవమ్మ జరిగినదంతా చెప్పింది.

ఖమర్‌బీ విని, చెయ్యి చాచింది. "ఆ పొట్లం ఇట్లియ్యి."

"ఏం చేస్తావు అక్కా?"

"పెరట్లో పాతిపెడతా. నువ్వు ఊరికి పో. ఏమీ కానట్టే పని చేసుకో. పొద్దున్నే నేను పులివెందులకు పోయి పిల్లను తెచ్చుకుంటా."

"వాళ్లు చూస్తాంటారు."

"ఎర్ర రిబ్బన్ల పిల్లను కదా చూసేది. నా బురఖా ఒకటి దానికి తొడిగిస్తా. కడప దగ్గర చెన్నూరులో మా చెల్లెలింట్లో దింపుతా. పిల్ల చేరినాక రెడ్డోళ్ల ఇంటికే ఫోన్ చేసి నీ పాస్‌పోర్టు పని అయిందని చెప్తా. ఆ మాట వినేదాకా తొందరపడి ఏమీ చేయద్దు."

శుక్రవారం పొద్దున్నే రెడ్డి ఇంటి ముందు సుమోలు నిండిపోయాయి. తుపాకులు పట్టుకున్నవాళ్లు అరుగు మీద టీలు తాగుతున్నారు. ఎర్రన్న వంటింటి గుమ్మంలోనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ అంత దగ్గరగా కూర్చునేవాడు కాదు.

సంజీవమ్మ అన్నం వండి ఆరబెట్టింది. ఫోన్ రాలేదు. అట్టు పోసి సన్నగా కోసింది. ఫోన్ రాలేదు. మొదటి చుట్ట నడుమ పగిలి, అన్నం బయటపడింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి మొదలుపెట్టింది. బస్సు ఆగిపోయిందేమో అనుకుంది. హాస్టల్లో పిల్లను పంపలేదేమో. ఖమర్‌బీని కూడా పట్టుకున్నారేమో. వేళ్లకు అంటుకున్న మెతుకులు ఎంత కడిగినా పోవడం లేదు.

"సంజీవమ్మా" అన్నాడు ఎర్రన్న, ఆమె చేతులనే చూస్తూ. "చివరివి నీకే కదా?"

"అవును మామా" అంది.

అతని నుదుటి మీదా చెమట ఉంది. ఇతనికీ భయమే అని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ సంగతి తెలిశాక ఆమె భయం ఇంకా పెరిగింది.

పెద్దలు భోజనాలకు కూర్చున్నారు. వడ్డించమని కబురు వచ్చింది. అప్పుడు చిన్న కోడలు తలుపు దగ్గరికి వచ్చి, "ఎవరో ఖమర్‌బీ అట, ఫోన్ చేసింది. నీ పాస్‌పోర్టు పని అయిపోయిందట. మళ్లీ కువైట్ పోతావా ఏంటి?" అంది.

సంజీవమ్మ ఒక్క క్షణం పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. తర్వాత, ఏం చేయాలో ముందుగా ఆలోచించుకోకుండానే, చుట్టలను కోయకుండా పళ్లెంలో పెట్టింది. పీట, కత్తి, నీళ్ల గిన్నె తీసుకుని ముందు గదిలోకి నడిచింది. ఎర్రన్న లేచి వెంట వచ్చాడు.

"ఏం మ్మే, కోయకుండానే తెచ్చినావు?" అన్నాడు పెద్దరెడ్డి.

"ఇది తినేవాళ్ల ముందరే కోయాలప్పా." అది అబద్ధమని చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో లేరు. ఆమె కత్తి తడిపి ఒక చుట్ట కోసి, ముక్కలను విడిపోకుండా వరసగా ఉంచింది. "నేను తినాల్సిన ముక్క యాదో మీరే సూపించండి."

హైదరాబాదు పెద్దలు నవ్వారు. రెడ్డి నవ్వలేదు. ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత వేలు చాచి సరిగ్గా నడిమి ముక్క చూపించాడు.

ఆమె దాన్ని తీసి నోట్లో పెట్టుకుంది. అందులో ఏమీ లేదని ఆమెకు తెలుసు. అయినా అనుమానం వదల్లేదు. ఎర్రన్న తనకు తెలియకుండా ఇంకెందులోనైనా ఏదైనా కలిపి ఉంటే? వెనిగర్ సీసా పొద్దుటి నుంచీ గుమ్మం పక్కనే ఉంది కదా? నమలడం కొనసాగించింది. ఎర్రన్న ఆమెను చూడడం లేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆమె తింటుంటే అతను కళ్లు తిప్పుకోవడం అదే మొదటిసారి. రెడ్డి అది గమనించాడు.

"ఎర్రన్నా" అన్నాడు. "నువ్వూ ఒకటి తిను."

"నాకొద్దప్పా."

"ఏమి?"

"నాకు నీసు పడదు."

పెన్న చేపల పులుసు కోసం రెడ్డి ఎదుటే చేయి చాపి అడిగి వడ్డించుకునే మనిషి ఎర్రన్న. రెడ్డి అతన్ని చూశాడు, సంజీవమ్మను చూశాడు. సంజీవమ్మ నోట్లోది మింగి, నోరు తెరిచి చూపించింది. రెడ్డి చాలాసేపు ఆగాడు. ఆ తర్వాత పక్క ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"పుల్లగా ఉంది. బాగుంది" అన్నాడు. అంతే. భోజనాలు జరిగిపోయాయి. రాజకీయాలు మాట్లాడుకున్నారు.

మధ్యాహ్నం గిన్నెలు తోమే తావున ఎర్రన్న వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఏమీ లేదు. అయినా ఆమె కత్తులన్నీ తన వైపు లాక్కుంది.

"పొట్లం యాడేసినావు?"

"ఏ పొట్లమో నాకు తెల్దు మామా."

అతను అక్కడే చతికిలబడ్డాడు. "మా తమ్ముడు రెడ్డి కోసం జైల్లో మగ్గుతాండాడు. రెడ్డేమో రాజీ చేసుకుని తన మీది కేసు మాఫీ చేయించుకున్యాడు. వాని పేరు కూడా ఎత్తలేదు. పక్కూరోళ్లొచ్చి అడిగితే..." అని ఆగిపోయాడు.

"నా బిడ్డ దావ వాళ్లకు చెప్పినావు కదా మామా."

ఎర్రన్న లేచి నిలబడ్డాడు.

ఆమెకు అతని మీద కోపం రావాలి. కానీ ముందు గదిలో రెడ్డి చూసిన చూపు గుర్తుకొచ్చింది. "పో మామా. ఈ పొద్దే, ఉన్నపళంగా పో. రెడ్డి నిన్ను చూసినాడు" అంది.

ఎర్రన్న పెరటి దారిన పోయాడు. బస్సు ఎక్కడం చూశామని కొందరన్నారు. సాయంకాలం రెడ్డి ఆమెను పిలిపించాడు.

"నీకేమన్నా తెలుసా మ్మే?"

"ఏం తెల్దప్పా."

"ముక్క నన్నెందుకు ఎంచమన్యావు?"

"పెద్దోళ్లు వచ్చినారు కదప్పా. మర్యాదని."

రెడ్డి నమ్మాడో లేదో ఆమెకు ఎన్నటికీ తెలియలేదు. మర్నాటి నుంచి ఆమె తింటుంటే చూడడానికి ఇంకో మనిషిని పెట్టారు.

ఎన్నికలు అయ్యేదాకా ఆమె ఆ వంటింట్లోనే ఉంది. ఉన్నట్టుండి పోతే అనుమానిస్తారు. నాగవేణి చెన్నూరులో ఖమర్‌బీ చెల్లెలి ఇంట్లో ఉండి పరీక్షలు రాసింది. బిడ్డకు జబ్బు చేసిందని హాస్టల్‌కు చెప్పారు. సుమో శబ్దం వినపడితే చాలు, సంజీవమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. కళ్లాపి చల్లే నీళ్లు కూడా వాసన చూసేది.

ఓట్లు లెక్కపెట్టాక కొద్ది వారాలకే పక్క ఊరి నాయకుడు రెడ్డి ఉన్న పార్టీలోకే వచ్చి చేరాడు. జమ్మలమడుగు సభలో ఇద్దరూ ఒకరికొకరు దండలు వేసుకున్నారు. ఊళ్లో టపాకాయలు కాల్చారు. ఇక భయం లేదని ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. సంజీవమ్మ మాత్రం ఆ రోజే ఎక్కువ భయపడింది. ఇన్నాళ్లూ ఆ ఇద్దరికీ మాటల్లేవు కాబట్టి ఆమె మధ్యలో బతికింది. ఇప్పుడు పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. ఏదో ఒక పూట నవ్వుకుంటూ ఆ పొట్లం సంగతి బయటికి రావచ్చు. ఆమె ఎందుకు కలపలేదని ఒకరు, ఎందుకు చెప్పలేదని ఇంకొకరు అడగవచ్చు.

పాస్‌పోర్టు పని అయిందని, ఇక పోతానని రెడ్డికి చెప్పింది. ఆ మాట ముందే ఇంట్లో వినిపించింది కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. కువైట్ పోతున్నానని చెప్పి, ప్రొద్దుటూరులో ఖమర్‌బీ ఇంటి వెనక గదిలో దిగింది. రెండేళ్లు బజారుకు బురఖాలోనే పోయింది.

ఇదంతా ఆమె నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. అప్పటికి రెడ్డి మంచంలోనే చక్కెర జబ్బుతో పోయాడు. నాగవేణి నర్సు అయింది. ప్రొద్దుటూరులో పుట్టినరోజులకు సుషీ కావాలనే ఇళ్లు కూడా అప్పటికి కొన్ని ఉన్నాయి. సంజీవమ్మ తన ఇంట్లోనే చుట్టి ఇస్తుండేది. ఎవరి ఇంటికి పిలిచినా పోయి వండేది కాదు.

ఎర్రన్న గురించి అడిగితే ఒక సంగతి చెప్పింది. ఒకసారి చెన్నూరు బస్టాండులో ఖమర్‌బీకి ఎదురయ్యాడట. తల నెరిసిపోయి, చేతిలో కర్ర పట్టుకుని ఉన్నాడట. "సంజీవమ్మ బాగుండాదా?" అని అడిగాడట. బాగుందని చెప్పింది ఖమర్‌బీ. యాడుండాదని అడిగాడు. అప్పుడే కడప బస్సు వచ్చింది. ఖమర్‌బీ జవాబు చెప్పకుండా ఎక్కేసి, తను పోవాల్సింది ప్రొద్దుటూరికే అయినా, అతను వినేలా కడపకు టికెట్ అడిగింది.