పాకాల మామ ఫొటోలు, మా ఇంటి సర్వరు

మొన్న మా అన్న కూతురు తిరుపతిలోని మా ఇంటికొచ్చి, తాను తయారుచేసిన వెబ్‌సైటును నలుగురికీ కనపడేలా ఇంటర్నెట్టులో పెట్టకముందు తన ల్యాప్‌టాప్‌లోనే నడిపి చూసుకుంటూ ఉంది. ఒక్క వరుస టైపు చేసిందో లేదో పేజీ తెరుచుకుంది. అంతేనా అని ఆశ్చర్యపోతే, "ఇంతే చిన్నాయనా, దీంట్లో ఏముండాది?" అని నవ్వింది. నాకు మాత్రం మా పాకాల మామ గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు, రైల్వే గార్డు. మీటరుగేజి బండ్లు తిరిగిన కాలంలో, డ్యూటీ దిగినప్పుడల్లా కెమెరా పట్టుకుని పాకాల జంక్షనులో ఇంజన్లనూ, బొగ్గుమసి పట్టిన మొహాలనూ ఫొటోలు తీసేవాడు. ఆయన ప్రాణస్నేహితుడు ఒక ఇంజను డ్రైవరు, మేమంతా భాయి అనేవాళ్లం. ఏ మాట దగ్గర చెడిందో ఏమో, భాయి గూడూరుకు బదిలీ అయి పోయినాక ఇద్దరికీ మాటల్లేవు.

నేను కంప్యూటర్ సెంటరులో పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో మామ ఆ ఫొటోలన్నీ తెచ్చి నా ముందు పెట్టి, "వీటిని ఇంటర్నెట్టులో పెట్టబ్బా. నేనుగా పోయి వాణ్ణి పలకరించను. సూస్తే సూడనీ" అన్నాడు.

బయట పెట్టేముందు పేజీని చూసుకునేందుకు ఇంట్లో కంప్యూటరు మీదే చిన్న సర్వరు నడపడానికి, పుస్తకం ముందేసుకుని ఒక్కో సెట్టింగు మారుస్తూ, పేజీ దొరకలేదని చెప్పే ఆ ఇంగ్లీషు ముక్కను చూసి తల పట్టుకుంటూ ఎన్ని తిప్పలు పడ్డానో! చివరికి ఒక ఆదివారం, ఇంజను తలుపు పట్టుకుని నవ్వుతున్న భాయి మా తెర మీదికొచ్చాడు. మామ కుర్చీ ముందుకు జరుపుకుని, "ఈడ కనపడతా ఉండాది సరే, గూడూరులో గూడా కనపడతాదా?" అన్నాడు. కనపడుతుందని ధీమాగా చెప్పాను.

తీరా బయటి సర్వరుకు ఎక్కించి, భాయి కొడుక్కి కబురు పంపితే, అతను నెట్ సెంటరులో తెరిచి చూసి, ఒక్క ఫొటో లేదన్నాడు, తెలుగంతా పిచ్చిగీతలన్నాడు. ఫొటో ఫైలు పేరులో ఇంగ్లీషు పెద్దక్షరానికి బదులు చిన్నక్షరమున్నా మా ఇంటి యంత్రం సర్దుకుపోయేది, బయటిది సర్దుకోలేదు. తెలుగు ఫాంటేమో నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. అన్నీ దిద్ది మళ్లీ ఎక్కించేసరికి ఎండాకాలం కాస్తా గడిచిపోయింది. ఆలోపలే షుగరు మామ చూపును తినేసింది.

భాయి చూశాడు. ఫోనైనా చెయ్యకుండా, మామ కంటి వైద్యానికని మా ఇంట్లో ఉన్నాడని తెలిసి, రైలెక్కి నేరుగా తిరుపతి వచ్చేశాడు. గుమ్మంలో నిలబడి ఆయన పిలిస్తే, ఆ గొంతు వచ్చిన వైపు మామ చేతులు చాచాడు. తర్వాత ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఏ ఫొటోలో ఎవరున్నదీ భాయి చెబుతుంటే మామ వింటూ ఉన్నాడు.

"నీ మొగం బాగా పడిండాదా?"

"బాగా పడిండాదప్పా. ఎంత బాగా తీసినావు!"

"నువ్వట్లా నవ్వినావు గాబట్టి."

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. సైటు ఉంచిన కంపెనీ మూతపడింది, మా పాత కంప్యూటరు పాడైపోయింది, అచ్చు ఫొటోలను పాకాల ఇంట్లో చెదలు తినేశాయి. ఈ కాలం పిల్లలకు ఆ పని ఒక్క పూటలో అయిపోతోంది, సంతోషమే. నాకూ అంత తొందరగా అయ్యుంటే, మామ తన స్నేహితుణ్ణి గొంతు విని కాక, కళ్లారా చూసి గుర్తుపట్టి ఉండేవాడు.