పడుగు ముందు ఆగిన సైకిళ్లు

1996. సోలాపూర్ మున్సిపల్ ఆఫీసులో, రోడ్ల విభాగంలో నేను జూనియర్ ఇంజనీర్‌ని. ఆ రోజుల్లో మా ఊళ్లో పొద్దున్నే ఏ వీధి చూసినా సైకిళ్లే. పవర్‌లూమ్ షెడ్లకు పోయేవాళ్లు, చద్దర్ల మూటలు మోసేవాళ్లు, హ్యాండిలుకు టిఫిన్ డబ్బా తగిలించుకున్నవాళ్లు, అందరికీ అదే దిక్కు. అయినా మా బడ్జెట్‌లో సైకిలు అన్న మాటే ఉండేది కాదు. ఒక్కో రకం ఖర్చుకు ఒక్కో పద్దు ఉంటుంది, దాన్ని మేము ‘హెడ్’ అంటాం. హెడ్ లేని పనికి పైసా రాలదు. లారీ తిరిగే రోడ్డుకు హెడ్ ఉంది, వీధి దీపానికి ఉంది, చచ్చిన కుక్కను ఎత్తి పారేయడానికి కూడా ఉంది. సైకిలు తొక్కే మనిషికి మాత్రం లేదు. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు నెమ్మదిగా నడిచే బండ్ల కోసమని రాష్ట్ర ప్రభుత్వం నుంచి కొంత గ్రాంటు వచ్చింది. ఇదే సందనుకుని నేను విడీ ఘర్కుల్ వైపు నుంచి దాజీ పేట్ దాకా ఒక సైకిల్ దారికి ఎస్టిమేట్ తయారు చేశాను. విడీ ఘర్కుల్ బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం ఊరి బయట కట్టిన కాలనీ. దాజీ పేట్ తెలంగాణ నుంచి వలస వచ్చిన సాలెవాళ్ల పాత పేట. బీడీ కంపెనీ బ్రాంచి ఆ పేటకు అవతలి పక్కన ఉండేది. చుట్టిన బీడీలు అక్కడ అప్పజెప్పి, మర్నాటికి ఆకూ తంబాకూ తెచ్చుకోవాలి. సిటీ బస్సు వచ్చినప్పుడే వచ్చినట్టు. అందుకని కాలనీలో కొందరు ఆడవాళ్లు ధైర్యం చేసి సైకిలు నేర్చుకున్నారు.

ఏ దారికైనా డబ్బు మంజూరు కావాలంటే ముందు ‘ట్రాఫిక్ కౌంట్’ జరగాలి. అంటే ఒకచోట మనిషిని కూర్చోబెట్టి, వచ్చే పోయే బండ్లను లెక్కపెట్టించడం. మా పై అధికారి, ఆ దారి పోవాల్సిన దాజీ పేట్ సందుకు బ్రాంచి వైపు కొసన మనుషులను కూర్చోబెట్టాడు. పొద్దున రద్దీ వేళంతా లెక్కపెట్టారు. సైకిలు మీద వచ్చిన ఆడవాళ్లు దాదాపు లేరని తేలింది.

ఖర్చులకు ఆమోదం చెప్పే స్టాండింగ్ కమిటీ ఛైర్మన్‌కు అది చాలు. తొక్కేవాళ్లే లేని దారి ఎందుకు, ఆ డబ్బు దీపాలకు మారుద్దామన్నాడు. అలా ఒక పని డబ్బును ఇంకో పనికి మార్చడాన్ని ‘రీ-అప్రోప్రియేషన్’ అంటారు. నోరు తిరగని మాటే కానీ పని మాత్రం ఒక్క సంతకంతో అయిపోతుంది. పైగా మార్చి దగ్గరపడింది. ఆ నెలాఖరులోగా పని మొదలుపెట్టకపోతే గ్రాంటు ‘లాప్స్’ అవుతుంది, వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

ఈ కబురు కాలనీకి ఎలా చేరిందో తెలియదు. మర్నాడు రాజవ్వ అనే ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. భర్త పవర్‌లూమ్‌లో రాత్రి షిఫ్టు. అతను పొద్దున ఇంటికి రాగానే అదే సైకిలు తీసుకుని ఈమె బ్రాంచికి బయలుదేరుతుంది. సైకిలుకు తీరిక లేదు, వాళ్లకూ లేదు. దారి పైసలు దీపాలకు పోతున్నాయట, నిజమేనా అని అడిగింది. తొక్కేవాళ్లు లేకపోతే నేనేం చేయను తల్లీ అని కాస్త చిరాగ్గానే అన్నాను.

“మేం తొక్కుతం సాబ్. గని మీ లెక్కవెట్టేటోళ్లు లేసి పోయినంక గా సందు దాటుతం.”

ఎందుకని అడిగితే మొత్తం చెప్పింది. సందు మధ్యలో నర్సయ్య అనే పెద్దాయన రోజూ పొద్దున పడుగు సాగదీస్తాడు. మగ్గం మీద నిలువుగా ఉండే నూలునే పడుగు అంటారు. దాన్ని వీధి పొడుగునా గుంజలకు కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో తోముతారు. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. ఒక పక్క మూత లేని మురుగు మోరీ, ఇంకో పక్క నర్సయ్య ఇంటి అరుగు. మనిషి ఒక వారగా ఇరుక్కుని పోవచ్చు కానీ, బుట్ట కట్టిన సైకిలు పోదు. చుట్టూ తిరిగి పోదామంటే లారీల రోడ్డు. ఆ రోడ్డులో ఒకామె పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాక అందరికీ భయం పట్టుకుంది. అందుకే నర్సయ్య పడుగు ఎత్తేదాకా ఆగుతారు. అప్పటికి బ్రాంచిలో మంచి ఆకు అయిపోతుంది. మిగిలిన చిరుగుల ఆకుతో చుట్టిన బీడీలను, బ్రాంచిలో సరుకు సరిచూసే చెకర్ పక్కకు తీసిపారేస్తాడు. రోజంతా వంగి చేసిన పని మట్టిపాలు.

నిజం చెప్పాలంటే నాకు నమ్మకం కుదరలేదు. ఎత్తి అవతల పెట్టుకుంటే పోయే సైకిలు కోసం రోజూ ఇంతసేపు ఎవరు నిలబడతారు? అయినా ఛైర్మన్‌ను బతిమాలి మర్నాడు పొద్దున్నే ఆ సందుకు తీసుకుపోయాను. ఆయన దారి పొడుగునా ఆవులిస్తూనే వచ్చాడు.

సందు ఇవతల కొసన వాళ్లంతా ఉన్నారు. మా లెక్కకు అందని ఆడవాళ్లు, గోడ వారన వరసగా, ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఇంకో చెయ్యి బుట్ట మీద. ఎదురుగా తెల్లటి పడుగు బిగుతుగా సాగి ఉంది. నర్సయ్య ఎవరినీ పట్టించుకోకుండా కుంచె పట్టుకుని తోముకుంటూ పోతున్నాడు. పెద్ద వయసే, అయినా చెయ్యి ఎక్కడా తడబడడం లేదు. నూలు తెగకుండా ఆయన తోమే తీరు చూస్తూ నేను కాసేపు వచ్చిన పని మరిచిపోయాను.

ఛైర్మన్ మరాఠీలో రాజవ్వను అడిగాడు, సైకిలు ఎత్తి పడుగు మీదుగా దాటించుకోవచ్చు కదా అని. ఆమె ఆయనకు మరాఠీలోనే ఏదో మర్యాదగా చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో అంది.

“నేను సాలోళ్ల బిడ్డను సాబ్. సాగిన పడుగును ఎట్ల దాటుత? మా నాయిన మగ్గం మీద బతికిండు. ఆకు ఇయ్యాల కాకుంటే రేపు దొరుకుతది.”

అది నర్సయ్య విన్నాడు. కుంచె చేతిలోనే ఆగిపోయింది. మెల్లగా వాళ్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“నేను మీరంత ముచ్చట్లు వెట్టుకుంటున్నరనుకున్న బిడ్డా,” అన్నాడు. “నా పడుగు కోసం నిలవడ్డరని నాకు ఎరుకనే లేకపాయె. ఒక్కలన్న నోరు తెరిసి చెప్పద్దా?”

రాజవ్వ తల వంచుకుని బుట్ట మీది గుడ్డ సర్దుకుంది. కూలి పోతున్నా, చెకర్ చేత మాటలు పడుతున్నా, ఆ ముసలాయన పనికి మర్యాద తప్పకూడదని రోజూ నిలబడ్డారు వాళ్లు. అంత గొప్ప మనసు నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

మోరీని రాతి పలకలతో మూసి, దాని మీదుగా సైకిల్ దారి వేయాలని నా ఎస్టిమేట్‌లో ఉంది. కానీ పలకల మీది చోటు ఒక్కటే చాలదు, పడుగు కూడా గోడ వైపు జరగాలి. అలా జరగాలంటే అరుగు అడ్డం. ఆ మాట ఎలా ఎత్తాలా అని నేను సతమతమవుతుంటే, నర్సయ్యే సందంతా ఒకసారి కలయచూసి, అరుగు తీసేస్తే రెండూ పడతాయి కదా అని నన్నడిగాడు. పడతాయన్నాను. సాయంత్రాలు నేనెక్కడ కూర్చోవాలని ఆయన భార్య లోపలి నుంచి గొణిగింది. కుర్చీ కొనిస్తానని ఆయన సర్దిచెప్పాడు. మా కూలీలు వచ్చేదాకా కూడా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే గడ్డపార తీసుకుని, తాతల నాటి అరుగును తన చేతులతోనే పలగ్గొట్టాడు.

ఛైర్మన్ గురించి కూడా ఒక మంచి మాట చెప్పాలి. ఆయన ఆ పొద్దున తిరుగు దారిలో ఆవులించలేదు. దీపాల ఊసు మళ్లీ ఎత్తలేదు. గ్రాంటు లాప్స్ కాకముందే పని మొదలైంది.

ఆ తర్వాత నా ఉద్యోగంలో ఎన్నో కౌంట్లు చేయించాను. మనుషులను ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పేముందు, ఆ దారిలో ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో నేనే పోయి చూసి వచ్చేవాణ్ణి. కదిలే చక్రాన్ని లెక్కపెట్టడం ఎవరికైనా వస్తుంది. మర్యాద కోసం నోరు మూసుకుని నిలబడ్డ మనిషి ఏ లెక్కలోకీ రాదని నాకు ఆ సందులోనే తెలిసింది.

దారి తెరిచిన రోజు పొద్దున నేను అక్కడే ఉన్నాను. గోడ వారన పడుగు సాగి ఉంది, పక్కన కొత్త పలకల మీద దారి ఖాళీగా ఉంది. అందరికంటే ముందు రాజవ్వ వచ్చింది. పడుగు కనపడగానే అలవాటు కొద్దీ సైకిలు దిగి నిలబడింది. నర్సయ్య కుంచె ఆపకుండానే తల తిప్పి చూశాడు.

“ఎక్కు బిడ్డా,” అన్నాడు. “నువ్వు దిగుతె నేను అరుగెందుకు పలగ్గొట్టిన?”