మీనా తల మీద ఒట్టు

గనుల ఊరు బచేలి క్వార్టర్లలో మూడో లైను రామతులసి నోరంటే అందరికీ భయమే. సొంతూరు ఎర్రబోరులో నలభై ఏళ్లు వరి కోసిన మనిషి. రెండో క్లాసుతో చదువు ఆపేసి, పెనిమిటి పోయాక గనిలో పనిచేసే కొడుకు దగ్గరికి వచ్చేసింది. మనసులోని మాట ఆమె నోట్లో నిమిషం నిలవదు. అలాంటి మనిషి చేత ఆ శనివారం పొద్దున, ఏడేళ్ల మనవరాలు మీనా తల మీద చెయ్యి పెట్టించి, కోడలు ఉదయశ్రీ ఒట్టు వేయించుకుంది. ఒక్క మాట బయట అనకూడదు.

ఆ మాట కొడవలి.

మీనా రక్తంలో గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొడవళ్లలా వంగిపోతాయని ఆసుపత్రి నర్సమ్మ బొమ్మ గీసి చూపించింది. చలి తగిలినా, నీళ్లు తక్కువ తాగినా అవి ఒకదానికొకటి చిక్కుకుని ఒళ్లంతా నొప్పులు లేపుతాయి. ఇక్కడి జనం దాన్ని సిక్లిన్ అంటారు. రామతులసి కొడవలి జబ్బు అంటుంది. ఆమెకు బాగా తెలిసిన వస్తువు అదే మరి.

ఉదయశ్రీ భయం ఉత్తది కాదు. ఇంతకుముందు కిరందుల్‌లో ఉన్నప్పుడు ఒక పుట్టినరోజు పార్టీలో, సంగతి తెలిసిన ఒకావిడ మీనా చేతిలోని ప్లేటు లాక్కుని విడిగా పెట్టింది. అంటుకుంటుందట. ఆ తర్వాత ఆ పిల్లను ఎవరూ ఏ పండక్కీ పిలవలేదు. ఇల్లు మారాక, ఇన్నాళ్లకు పిలుపులన్నీ ఒకేసారి వచ్చాయి. శనివారం మధ్యాహ్నం వెనక లైనులో కవలల పుట్టినరోజు, సాయంత్రం ఎదురింటి రాధ కొడుకు అరుణ్ పుట్టినరోజు, ఆదివారం అరుణ్ స్నేహితులందరితో పాల్నార్ ఊరి అవతలి జలపాతానికి షికారు.

"ఆదివారం బజారు రోజు అత్తయ్యా, బట్టల కొట్లో నాకు సెలవివ్వరు. మీరే వెళ్లాలి. ఆ మాట మాత్రం అనకండి."

"అననులేవే."

"మీ 'అననులే' నాకు తెలుసు. పాప తల మీద చెయ్యి పెట్టి చెప్పండి."

"ఏందే, కోర్టు బోనెక్కిస్తున్నావా? రక్తం తక్కువని చెప్తాలే. ఇదిగో పెట్టిన, ఒట్టు. సరా?"

శనివారమంతా రామతులసి నీళ్ల బాటిల్ పట్టుకుని మీనా వెనకే తిరిగింది. కవలల ఇంట్లో కుర్చీలాట, అరుణ్ ఇంట్లో డాన్సు. పిల్ల గెంతుతుంటే ఈమె గుండె గెంతింది. కానీ ఇచ్చిన బాటిల్ ఇచ్చినట్టు ఖాళీ అయి వస్తుంటే, పోనీలే, తాగుతోంది అనుకుంది.

ఆదివారం డ్రైవరు దేవేంద్ర బొలేరోలో పిల్లల్ని కుక్కి బయలుదేరారు. డిసెంబరు చలి. పదకొండయినా నీడలో పళ్లు కొట్టుకుంటున్నాయి. రాధ దుప్పటి పరిచి పులిహోర డబ్బాలు తీసింది.

"మీనాను కూడా నీళ్లలోకి పంపండి పెద్దమ్మా, పాపం."

"జలుబు దానికి."

"ముక్కు కారట్లేదుగా?"

"నీ దగ్గరికొచ్చి కారాల్నా ఏంది?"

ఇటు తిరిగి కొంగు సర్దుకునేలోపు పిల్లలు మీనా చెయ్యి పట్టి లాక్కుపోయారు. మోకాలి లోతులో జారి నిలువునా మునిగింది. రామతులసి దాన్ని లాగి, తుడిచి, తన శాలువా చుట్టి ఎండలో కూర్చోబెట్టింది. అరగంట కాలేదు, మీనా గౌను అంచు పళ్ల మధ్య పెట్టుకుని కొరుకుతోంది. నొప్పి మొదలైతే ఆ పిల్ల ఏడవదు, అదే చేస్తుంది.

"నాయనమ్మా, కాళ్లు."

"రాధా, బండి తియ్యమను. ఆసుపత్రికి పోవాలె."

"రాయేదో తగిలుంటుంది పెద్దమ్మా. ఆ నీళ్లలోనే కాసేపు కాళ్లు పెట్టుకోమనండి, లాగేస్తుంది. నిన్నటి కేక్ మిగిలింది, తినేసి వెళ్దాం."

"రక్తం తక్కువ దానికి."

"తక్కువైతే రెండు కేకు ముక్కలు ఎక్కువ పెడదాం!" రాధ నవ్వింది. మంచి మనిషే. తెలియక నవ్వింది.

రామతులసి చెయ్యి మీనా తల మీదే ఉంది, నిన్న పెట్టిన చోటే. మాట దాటితే ఈ తలకే ముప్పు. దాటకపోయినా ఈ తలకే. పిల్ల ఒళ్లు బిగుసుకుంటోంది. చెయ్యి తీసేసి లేచి నిలబడింది.

"కొడవలి జబ్బు దీనికి! సిక్లిన్! అందరూ విన్నారా? దేవేంద్రా, గాడీ నికాల్!"

రాధ అరుణ్‌ను పక్కకు లాక్కుంది. రామతులసి అది చూసింది. అందరికన్నా ముందు కదిలింది దేవేంద్రే. స్వెట్టరు విప్పి మీనాకు కప్పాడు.

"మా బెహన్‌కి కూడా ఉంది అమ్మా. నీళ్లు తాగించు, గరమ్‌గా పట్టుకో. నేను తోల్తా."

పాల్నార్ దగ్గర మీనా నాయనమ్మ చెవిలో గొణిగింది. "నిన్న నీళ్లు తాగలే నాయనమ్మా. గులాబీ కుండీలో పోసిన. అందరూ బాటిల్ పిల్ల అంటున్నరు."

రామతులసి బాటిల్ మూత తిప్పింది. "ఆ గులాబీ బతికిందిలే. ఇప్పుడు నువ్వు తాగు."

ఆసుపత్రిలో అదే మాట మూడు కౌంటర్ల దగ్గర అరిచింది. సెలైన్ ఎక్కాక, సూది మందు పడ్డాక, మీనా నోట్లోంచి గౌను అంచు జారింది. డాక్టరు ఇంకా రెండు రోజులు ఉంచాలన్నాడు.

కబురంది ఉదయశ్రీ బట్టల కొట్టు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"చెప్పేశారా?"

"చెప్పిన."

"ఎంతమంది విన్నారు?"

"జలపాతం కూడా విన్నది."

"దాని తల మీద ఒట్టేశారు అత్తయ్యా." రామతులసి ఒట్టు దాటినప్పటి నుంచి పిల్ల కాళ్లు పట్టుకుంది, చేతులు పట్టుకుంది కానీ తల మాత్రం ముట్టలేదు. ఒక్కో సెలైన్ చుక్కా రాలుతుంటే చూస్తూ కూర్చుంది.

"అమ్మా," అంది మీనా. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. నాయనమ్మే నేర్పింది. వేయించుకున్నోళ్లే తియ్యాలె."

"గట్టు ఎక్కడుందే ఇక్కడ?"

"కిటికీకి ఉంది కదా."

ఉదయశ్రీ చేతిలోని ఫోను చూసింది. పుట్టినరోజు పిలుపులొచ్చిన వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజీ లేదు. రాధ నుంచీ లేదు. ఫోను మంచం మీద పెట్టి, కూతురి నుదుటి మీది జుట్టు జరిపి, రెండు వేళ్లతో అక్కడినుంచి ఏదో తీసింది. కిటికీ గట్టు మీద మెల్లగా పెట్టింది.

"ఇంకొంచెం అవతలికి జరుపు," అంది రామతులసి. "జారి మళ్లీ దీని మీదే పడగలదు."

అప్పుడు చెయ్యి చాచి, మనవరాలి తల నిమిరింది.