నాన్నకు పంపిన కందనకాయ

నాకు తొమ్మిదేళ్ళప్పటి మాట... బెంటన్‌విల్ అపార్ట్‌మెంట్‌లో పై ఇల్లు మాది, కింది ఇల్లు అంబుయాది. అంబుయా అంటే వాళ్ళ షోనా భాషలో అమ్మమ్మ. జింబాబ్వే నుంచి వచ్చి, ట్రక్కు నడిపే కొడుకు టెండై దగ్గర ఉండేది. అమ్మానాన్నా ఆఫీసుల నుంచి వచ్చేదాకా నన్ను చూసుకునేది ఆవిడే.

నేను స్కూల్ బస్సు దిగి వెళ్ళేసరికి రాగిపిండి ఉడుకుతూ ఉండేది... పెద్ద తెడ్డుతో కలియబెట్టేది. వాళ్ళు సద్జా అంటారు. మా కడప నాన్నకైతే అది అచ్చం సంగటే. పక్కన ఉడికించిన బొబ్బర్లు, వేరుశనగ ముద్ద కలిపి వండిన కోడికూర...

ముక్కలు మాత్రం అంబుయా పంచితేనే. రెక్కలు, కాళ్ళు పిల్లలకు. కందనకాయ ఇంటి పెద్దకు, అంటే టెండైకి. అతను వారమంతా రోడ్డు మీద ఉన్నా ఫ్రీజర్‌లో దాచేది తప్ప నాకు పెట్టేది కాదు. నాకు ఒళ్ళు మండేది.

రెసిషన్ వచ్చిన ఏడాది నాన్న ప్రాజెక్ట్ అయిపోయింది. కొత్తది దొరికేదాకా జీతం లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టారు. రోజూ వచ్చే అంకుల్స్ రావడం మానేశారు. తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే ఒక పాట్‌లక్‌లో ఒకాయన అందరి ముందూ అన్నాడు: "ఏం సార్, ఇంకా బెంచేనా? మేడమ్ గారి శాలరీతో మహారాజులా ఉన్నారు!"

అందరూ నవ్వారు. ఒక్కడికీ సిగ్గు లేదు.

మర్నాటి నుంచి నాన్న మాతో కూర్చుని తినడం మానేశారు. గోడవైపు తిరిగి పడుకునేవారు. అమ్మ కంచం గదిలోకి తీసుకెళ్తే సగం అన్నం వెనక్కి వచ్చేది...

అంబుయాకు ఈ సంగతి నేనే చెప్పాను. ఆవిడ ఊరి బయట ఫార్మ్ నుంచి కోడిని తెప్పించింది. మర్నాడు సాయంత్రం ఒక గిన్నెలో సద్జా, ఒక గిన్నెలో కూర పెట్టి సంచిలో సర్ది నా చేతికిచ్చింది. కూరలో అన్నిటికన్నా పైన కందనకాయ ఉంది.

"ఇది మీ నాన్నది. పని ఉన్నా లేకున్నా ఇంటికి పెద్ద ఆయనే. నేను అన్నానని చెప్పి పెట్టు."

మెట్ల మీద ఆగాను... మూత తీశాను... తినేశాను.

ఆకలేసి కాదు. ఆశ ఒక్కటే కూడా కాదు. మంచం దిగని మనిషి పెద్ద ఏంటి అనుకున్నాను. పాట్‌లక్‌లో నవ్వినవాళ్ళకూ నాకూ తేడా ఏముంది?

ఆ పూట నాన్న సంగటి వాసనకు లేచి వచ్చారు. రెండు ముద్దలు తిన్నారు... మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయారు. చెప్పమన్న మాట నేను చెప్పలేదు.

మర్నాడు నన్ను దింపడానికి అంబుయానే పైకి వచ్చింది. తలుపు నాన్న తీశారు. ఆవిడ మోకాళ్ళు కాస్త వంచి, చేతులు దొప్పల్లా చేసి మెల్లగా చప్పట్లు కొట్టి పలకరించింది. వాళ్ళలో అది మర్యాద.

"కందనకాయ అందిందా? మా వాళ్ళలో అది ఇంటి పెద్దకే పెడతాం."

నాన్న నా వైపు చూశారు. నేను నేల చూశాను.

"అందిందమ్మా. నేనే తిన్నాను," అన్నారు.

ఆవిడ వెళ్ళాక వీపు పగులుతుందనుకున్నాను. నాన్న వంగి, "మెత్తగా ఉడికిందా పాపా?" అని మాత్రం అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు...

ఆయన అంబుయా గిన్నెలు తోమారు. గడ్డం గీసుకున్నారు. తానే కిందికి వెళ్ళి ఇచ్చి వచ్చారు. ఆ సాయంత్రం ముగ్గురం కలిసి తిన్నాం.

నేను ఎందుకు తిన్నానో ఆయనకు ఈ రోజుకీ చెప్పలేదు.

ఇప్పుడు నేను బెంటన్‌విల్ ఉన్న రాష్ట్రంలోనే ఒక చికెన్ ప్లాంట్‌లో పని చేస్తున్నాను. కాలేజీకి వెళ్ళలేదు. ఈ తెలుగు రాయడం కూడా నాకు నేనే నేర్చుకున్నాను. షిఫ్ట్ అంతా కందనకాయలు బెల్ట్ మీద వస్తూనే ఉంటాయి... ట్రేల్లోకి పోతూనే ఉంటాయి. ఇది ఫలానావారిది అని పక్కన పెట్టే చెయ్యి ఒక్కటీ లేదు.

"ప్లాంట్‌లోనా?" అని నవ్వేవాళ్ళు, "నల్లవాళ్ళింట్లో తిన్నావా?" అని అడిగేవాళ్ళు కామెంట్ పెట్టకుండా పోండి. మిగతావాళ్ళు చెప్పండి... మీ ఇళ్ళలో ఆ ముక్క ఎవరి కంచంలో పడేది?

ఒకప్పుడు ఇంట్లో పెద్దెవరో వడ్డించే చెయ్యి చెప్పేది... ఇప్పుడు జీతం చెబుతోంది.