మొదటి యూనిట్ మేడం చెప్పాల్సింది

పోయిన సోమవారం పొద్దున యూనివర్సిటీకి బయలుదేరుతుంటే మేడం భర్త ఫోన్ చేశారు. "అమ్మా, మీ మేడం పోయింది. మా ఊరు డోన్‌కు తీసుకుపోతాండాం. ఆడికే రా" అన్నారు. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఆ వారమే మా విశ్వవిద్యాలయంలో కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ కోర్సు మొదలు కావాలి. మొదటి యూనిట్ మేడం చెప్తారని, నేను పక్కన కూర్చుని నేర్చుకుంటానని అనుకున్నాం.

ఎం.ఏ.లో నాకు భాషాశాస్త్రం చెప్పింది ఆమే. తర్వాత అదే శాఖలో నాకు పెద్దదిక్కు. మనుషుల భాషను కంప్యూటర్‌కు నేర్పే ఈ చదువు మన తెలుగు మీడియం పిల్లలకూ అందాలని పట్టుబట్టి సిలబస్ రాయించారు. ప్రోగ్రాం రాయాలంటే నాకు వణుకు. "నాకు రాదు మేడం" అంటే, "నాకు మాత్రం వచ్చునా? నేర్చుకుంటాండా. భయపడతానే నేర్చుకో, ఏమీ కాదు" అనేవారు.

ఎవరు మాట్లాడినా కళ్లు మూసుకుని వినేవారు. కొత్తవాళ్లు ఆమె నిద్రపోతున్నారనుకునేవారు. ఉన్నట్టుండి కళ్లు తెరిచి, "ఆ మాట ఇంగోసారి అనప్పా" అంటే ఆటో డ్రైవరైనా సిగ్గుపడి నవ్వాల్సిందే.

సిలబస్ ఆమోదించే సమావేశం నాకు ఇప్పటికీ గుర్తుంది. పిల్లలు ముందు తమ ఇళ్లలోని మాటలు రికార్డు చేసుకుని, వాటి నిర్మాణం ఎలా ఉందో చూడాలి, ప్రోగ్రాం ఆ తర్వాతే అని మొదటి యూనిట్‌లో రాశాం. బయటినుంచి వచ్చిన నిపుణుడు కాగితాలు పక్కకు నెట్టేశాడు. "ఈ యాస కంప్యూటర్‌కు అర్థం కాదు. ముందు పిల్లలకు మంచి తెలుగు నేర్పండి" అన్నాడు. కోర్సు అక్కడితో ఆగిపోయిందనుకున్నాను. మేడం తన ఫోన్‌లో మాటను రాతగా మార్చే యాప్ తెరిచి, "అమ్మ యాడికి పోతాండాది?" అన్నారు. తెర మీద "అమ్మ ఏడు కోతుల దండ" అని వచ్చింది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"చూసినారా సార్? మా అమ్మ మాట దీనికి తెలీదు. మా అమ్మను మార్చమంటారా, దీనికి నేర్పిద్దామా?"

యూనిట్ నిలబడింది.

ఆ తర్వాత వచ్చిన వేసవిలో ఆమెకు మెదడులో రక్తం గడ్డకట్టింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, మాటే దెబ్బతింది. చూడటానికి ఆసుపత్రికి వెళ్తే "తలుపు, తలుపు" అన్నారు. లేచి తలుపు తీశాను. గట్టిగా తల అడ్డంగా ఊపారు. ఆమెకు కావాల్సింది నీళ్లని భర్త వచ్చాకే తెలిసింది. ఆ కళ్లలో అంతకుముందెన్నడూ చూడని బెదురు. నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. అంత చదివిన మనిషికే మాట ఇలా చేజారితే, ఇక నాకేం దిక్కు అనిపించింది.

కొన్నాళ్లకు ముక్కలు ముక్కలుగా మాట తిరిగి వచ్చింది. ఒకరోజు గొంతు తాకి చూపించి, "ఈడ ఉండాది. రాదు. శానా భయం" అన్నారు. నా ఫోన్ వైపు చూపించి, "పిల్లోళ్లు... ఇదీ వినల్ల. నాది పెట్టు" అన్నారు. మాట తడబడేవాళ్ల మాట కూడా పాఠంలో ఉండాలని ఆమె ఉద్దేశం. ఆమె గొంతు రికార్డు చేశాను. మాట దొరకనప్పుడల్లా ఆమె నా మణికట్టు పట్టుకునేవారు.

మళ్లీ క్లాసుకు వస్తారనే అందరం అనుకున్నాం. రెండోసారి వచ్చిన దెబ్బకు ఆమె తట్టుకోలేకపోయారు.

డోన్‌లో మగవాళ్లు జనాజాను భుజాలకెత్తుకుని ఖననానికి బయలుదేరినప్పుడు ఆడవాళ్లం ఇంట్లోనే ఉండిపోయాం. ఆమె చెల్లెలు నా పక్కకు వచ్చి, "రేపు పాఠం నువ్వే చెప్తాండావంట కదమ్మా" అంది. అవునన్నాను.

చెప్పాను. మొదటి పది నిమిషాలు ఏం మాట్లాడానో గుర్తులేదు. మేడం రికార్డు మాత్రం తెరవలేకపోయాను, అందుకింకా ధైర్యం చాలలేదు. ఇళ్లలోని మాటలు రికార్డు చేసుకుని రమ్మనగానే ఆలూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి లేచి, "మేడం, మా అవ్వ మాట పనికొస్తాదా?" అని అడిగింది. పనికొస్తుందన్నాను.

క్లాసయ్యాక కిటికీలోంచి చూశాను. ఎండలోనే పిల్లలు అక్కడక్కడా నిలబడి ఇళ్లకు ఫోన్లు చేస్తున్నారు. ఆ అమ్మాయి ఒక చెవి చేత్తో మూసుకుని, రెండో చెవికి ఫోన్ ఆనించుకుని, "కాదవ్వా, నువ్వు మామూలుగా మాట్లాడు, నేను వింటాండా" అంటోంది.