ఇందులో బంగారం ఉందా

మా పక్కింటి బాబాయ్‌ది రోల్డ్‌గోల్డ్ పని. బందరులో ఆ పని చేసే ఇళ్ళు చాలా ఉన్నాయి గానీ మా వీధిలో ఆయనొక్కరే. రాగి గాజుల్ని కడిగి, తుడిచి, బంగారు నీళ్ళలో ముంచి తీసేవారు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని కాబట్టి నన్ను టీచరమ్మా అని పిలిచేవారు. మా నాన్న ఈడువారు, అందుకని నాకు బాబాయ్. ఆయన భార్య పిన్ని.

పిన్ని పోయాక ఆయన పని ఆపేశారు. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తూ ఉండేవారు. పలకరిస్తే "ఆఁ అమ్మా" అనేవారు. ఆ తరవాత మాట ఉండేది కాదు. నేను పొద్దున పెట్టి వచ్చిన ఇడ్లీలు సాయంత్రానికి అలాగే ఉండేవి. పెద్దాసుపత్రిలో చూపిస్తే దిగులు అని చెప్పి మాత్రలు రాశారు. వాటితో కాస్త తేలికపడ్డారు గానీ అరుగు మాత్రం దిగలేదు.

గుడివాడలో ఒక హోమియో డాక్టరమ్మ ఉన్నారని మా కాలేజీలో ఎవరో చెప్పారు. నాకు ఆ మందుల మీద నమ్మకం లేదు. ఆయన్ని ఎలాగో ఇంట్లోంచి కదిలించాలని తీసుకెళ్ళాను. పొద్దుటి పాసింజర్లో వెళ్ళాం. పెడన దాటాక రెండువైపులా నీళ్ళు నిలిచిన చేలు. మంచు ఇంకా విడలేదు. రైలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ కదిలిందో తెలియనంత తెల్లగా ఉంది బయట. కవుతరంలో ఎవరో చేమంతిపూల బుట్టతో ఎక్కారు. ఆ వాసన గుడివాడ దాకా వచ్చింది.

డాక్టరమ్మకి యాభై ఏళ్ళుంటాయి. గంటసేపు ప్రశ్నలే అడిగారు. ఎండ పడుతుందా, చలి పడుతుందా, ఏ పక్కకి తిరిగి పడుకుంటారు అని. చివర్లో పెన్ను పక్కన పెట్టి, "మీ ఆవిడ మాట్లాడుతుంటే మీరు వినేవారా అండీ?" అన్నారు.

బాబాయ్ తల వంచుకుని చెప్పారు. "పని చేసుకుంటూ వినేవాణ్ణండి. పూర్తిగా వినలేదు."

ఆసుపత్రి మాత్రలు మానొద్దనీ, ఇది వాటితోబాటే వాడాలనీ చెప్పి, ఆవిడ చుక్కల మందు చిన్న సీసా ఒకటి తీశారు. లోపలి మందు బాగా కుదపాలని దాన్ని లావుపాటి పుస్తకం అట్ట మీద పది సార్లు గట్టిగా కొట్టారు.

"ఏం మందండీ ఇది?" అన్నాను.

"బంగారం."

బాబాయ్ తలెత్తి ఆవిడని చూశారు. "నలభై ఏళ్ళుగా నాది ఆ పనేనండి. ఎంత పల్చగా పూసినా ఎంతో కొంత పట్టాలి. ఇందులో ఎంత పట్టింది?"

ఆవిడ నవ్వి, పై వారం చెబుతానన్నారు.

తిరుగు రైల్లో ఆయన సీసా వెలుతురుకి పట్టి చూశారు. "టీచరమ్మా, నిజం చెప్పు. ఇందులో బంగారం ఉందా?"

"లెక్క ప్రకారం లేదు బాబాయ్. ఒక పాలు బంగారం, తొంభై తొమ్మిది పాళ్ళు చక్కెర. అందులోంచి ఒక పాలు తీసి మళ్ళీ తొంభై తొమ్మిది పాళ్ళ చక్కెరలోనో, స్పిరిట్‌లోనో. అలా ముప్ఫై సార్లు. చివరికి ఒక్క అణువు కూడా మిగలదు."

ఆయన వాదించలేదు. సీసా జేబులో పెట్టుకున్నారు. పై వారం మాత్రం కుర్చీలో కూర్చుంటూనే, "మా టీచరమ్మ లేదంటోందండి" అని డాక్టరమ్మతో చెప్పేశారు. నాకు సిగ్గేసింది.

ఆవిడ నొచ్చుకోలేదు. "మీ లెక్క తప్పని నేను అనను. కానీ ఆ లెక్కలో బంగారం నీళ్ళలో ఉప్పులాగా కరిగిపోయిందనుకుంటాం. బంగారం అలా కరగదు కదండీ. పాలచక్కెరతో గంటలకొద్దీ నూరితే కంటికి కనపడని నలుసులవుతుంది. ఇప్పుడు నానో కణాలంటున్నారు. తరవాత స్పిరిట్‌లో వేసి గట్టిగా కుదిపితే నురగొస్తుంది. ఆ నలుసులు బుడగలకి అంటుకుని పైకి తేలతాయని కొందరి ఊహ. మేం తరవాతి సీసాలోకి తీసేది పైనున్న చుక్కే. అందుకని ఎంత పల్చన చేసినా కొన్ని వెంట వస్తాయేమో."

"ఉన్నాయే అనుకుందాం. అంత కొంచెం ఏం చేస్తుందండీ?" అన్నాను.

"పరాయిది ఏదో లోపలికొచ్చిందని ఒళ్ళు కనిపెట్టి, తన్ను తాను సర్దుకోవడం మొదలుపెడుతుందంటారు. కొంచెమే కాబట్టి దెబ్బ తగలదు, కబురు మాత్రం అందుతుంది. 'ఏమో' అనే అంటున్నాను, చూడండి. తేలిన సంగతి కాదు. ఒప్పుకోనివాళ్ళే ఎక్కువ."

నేనూ ఒప్పుకోలేదు. అయినా ఆ నురగ మాట నన్ను వదల్లేదు. ఇంట్లో మజ్జిగ చిలుకుతున్నా, కాలువ లాకు దగ్గర నీళ్ళు సుడి తిరుగుతున్నా ఆగి చూసేదాన్ని.

ఒక ఆదివారం ప్రిన్సిపాల్‌ని అడిగి బాబాయ్‌ని కాలేజీ ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. మా బీరువాలో బంగారపు లవణం కొద్దిగా ఉంది. దాన్ని నీళ్ళలో వేసి మరిగించాను. లేత పసుపు. నిమ్మరసంలోని పులుపుకి చెందిన ఒక ఉప్పు ద్రావణం అందులో పోశాను. రంగు పోయి తేటపడింది. కాసేపటికి పొగ కమ్మినట్టు నల్లబడింది. నలుపులోంచి మెల్లగా ఎరుపు తేలి, గాజుకుప్పె నిండా దానిమ్మ గింజల రంగు పరుచుకుంది.

"ఇది బంగారమేనా?" అన్నారు బాబాయ్, గొంతు తగ్గించి.

"బంగారమే. మరీ చిన్న నలుసులైతే ఇలా ఎర్రగా కనిపిస్తుంది. నానో కణాలంటే ఇవే."

ఆయన కుప్పె తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఎండ దాంట్లోంచి దిగి ఆయన తెల్ల చొక్కా మీద ఎర్రటి మరకలా కదిలింది. "ఇన్నేళ్ళూ నాకు ఒక్క రంగే చూపించింది" అన్నారు.

ఆ రోజే నాకు మందుని కూడా పరీక్ష చేయిస్తే బాగుంటుందనిపించింది. నాతో చదువుకున్న స్నేహితురాలు వేరే ఊళ్ళో యూనివర్సిటీలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర పని చేస్తోంది. అడిగితే సరేనంది. ఒక సీసాలో మందు, పోల్చి చూడటానికి ఇంకో సీసాలో అన్ని సార్లే కుదిపిన ఉత్త స్పిరిట్. బాబాయ్ ముందుగదిలో బల్ల మీద కూర్చుని నింపాం. మూతలకి లక్క ఆయనే వేశారు. పనిముట్టు చేత్తో పట్టుకోవడం పిన్ని పోయాక అదే మొదటిసారి.

కొన్ని వారాలకి స్నేహితురాలు ఫోన్ చేసింది. "రెండింట్లోనూ గాజు నలుసులున్నాయి. సీసా గోడలవే కావచ్చు. మందులో రెండుచోట్ల బంగారం కనిపించింది."

"నిజంగానా?" అన్నాను.

"ఆగు. ఉత్త స్పిరిట్‌లో కూడా ఒకచోట కనిపించింది. వీటిని ఎక్కడ నింపావే?"

బాబాయ్ వాళ్ళ బల్ల మీద అని చెబుతుండగానే నాకు అర్థమైంది. నలభై ఏళ్ళుగా గాజులు తోమి, మెరుగుపెట్టి, ఆరబెట్టిన బల్ల అది. కెమిస్ట్రీ చెప్పే మనిషిని, ఆ మాత్రం ఆలోచించలేదు.

బాబాయ్‌కి చెబితే బల్ల మీద అరచెయ్యి రాసి, తిప్పి చూసుకున్నారు. "అయితే మా ఇంట్లో గాలి పీల్చినా బంగారమేనన్నమాట" అని నవ్వారు. పిన్ని పోయాక నేను విన్న మొదటి నవ్వు. "మీ పిన్ని ఈ గది రోజూ రెండు పూటలా ఊడ్చేది. ఎంత బంగారం వీధిలోకి ఊడ్చిందో, పిచ్చిది." అని మొదలుపెట్టి ఆ సాయంత్రమంతా ఆవిడ గురించే చెప్పారు. చీపురు ఎక్కడ దాచేది, కోపమొస్తే ఏ గిన్నె మోగించేది, అన్నీ.

డాక్టరమ్మకి జరిగింది చెప్పాను. "ఈసారి వేరేచోట నింపి మళ్ళీ చేయించండి" అన్నారు. చేయిస్తానన్నాను. ఇప్పటిదాకా చేయించలేదు.

వర్షాలు పడేసరికి బాబాయ్ పూటకి నాలుగు గాజులైనా ముంచడం మొదలుపెట్టారు. డాక్టరమ్మే ఇక చుక్కలు చాలన్నారు. ఆసుపత్రివాళ్ళు కూడా మాత్రలు మెల్లగా తగ్గించారు. ఆయన్ని నిలబెట్టింది ఏమిటో నాకు తెలియదు. ఆ మాత్రలా, చుక్కలా, వారం వారం రైలా, డాక్టరమ్మ అడిగిన ప్రశ్నా. పిల్లలెవరైనా ఇన్ని ఒకేసారి మార్చి ప్రయోగం చేస్తే నేను మార్కులు వెయ్యను. చుక్కల వల్లే అని చెప్పలేను. ఆయన కూడా ఎప్పుడూ అలా అనలేదు.

ఒక రోజు పొద్దున్నే మా గుమ్మం ముందు ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డారు. "కోడూరు వస్తావా టీచరమ్మా? మీ పిన్ని పుట్టిల్లు. తమ్ముడున్నాడు. ఆవిడ పోయాక నేను వెళ్ళలేదు."

చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా బస్సులో వెళ్ళాం. దివిసీమలోకి దిగేకొద్దీ నేల ఎక్కడుందో, రొయ్యల చెరువుల నీళ్ళు ఎక్కడున్నాయో, ఆకాశం ఎక్కడుందో తెలియలేదు. పిన్ని తమ్ముడు బస్టాండుకి మోటారుసైకిల్ వేసుకొచ్చి బావని కావలించుకున్నాడు. పిన్ని చిన్నప్పుడు ఈత నేర్చుకున్న కాలువ చూపించారు. మధ్యాహ్నం పీతల పులుసుతో అన్నం పెట్టారు. బాబాయ్ రెండోసారి వడ్డించుకున్నారు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్క సీటు నాకిచ్చి, పెళ్ళికి ముందు పిన్నిని చూడటానికి అదే దారిలో సైకిల్ మీద వచ్చిన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. అప్పట్లో రోడ్డు లేదట, గట్టేనట, తాటిచెట్లట. గాలి చల్లగా తగులుతోంది. మోపిదేవి దాకా ఊఁ కొట్టాను. చల్లపల్లి దాటాక ఆయన ఇంకా చెబుతుండగానే నేను నిద్రపోయాను. నేనూ పూర్తిగా వినలేదు.