అమ్మ చెప్పిన పాట నంబర్లు

నేను దయ్యాల్ని నమ్మను. చనిపోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారు, మన మధ్య తిరగరు అని బందరులో సండే స్కూలు పిల్లలకు ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఇకముందూ అదే చెబుతాను.

మా నాన్నగారు నిరుడు నాగాయలంకలో పోయారు. సంఘ పెద్ద. ఆరాధనలో పాటల నంబర్లు చెప్పేది ఆయనే. పెట్టెలో ఆయన బైబిలును జిప్పు కవరుతో సహా గుండె మీద పెట్టాం. ఆయన ఫోను ఆ కవరులోనే ఉండిపోయిందని మట్టి కప్పాక గుర్తొచ్చింది. సమాధి తవ్వడానికి అమ్మ ఒప్పుకోలేదు.

ఆ తర్వాత రేషన్ కార్డులో ఉన్నవాళ్లంతా సచివాలయంలో వేలిముద్ర వేయాలన్నారు. లేకపోతే పేరు తీసేస్తారు. అమ్మ ముప్ఫై ఏళ్లు రొయ్యల షెడ్డులో ఐసులో చేతులు పెట్టి పొట్టు వలిచింది. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. నేను వెంట తీసుకెళ్తే పది వేళ్లూ పెట్టించారు. ఒక్కటీ పడలేదు.

"ఈ వేళ్లు ఆవిడవి కావంటోందండీ మిషను," అన్నాడు ఉద్యోగి.

"మరి ఎవరివండీ? పక్కింటావిడ దగ్గర అరువు తెచ్చుకుందా?"

అతను నవ్వలేదు. "ఇవాళే ఆఖరండీ. ఓటీపీ అయినా చెప్పండి."

ఓటీపీ వెళ్లేది నాన్న నంబరుకి. ఆ నంబరు మార్చాలన్నా అమ్మ వేలిముద్రే పడాలట. నేను గొడవపడుతుండగానే అతను ఓటీపీ పంపేశాడు.

"మామ్మగారూ, ఆరు అంకెలు. చెప్పండి."

అమ్మ కళ్లు మూసుకుంది. "రెండు వందల పద్నాలుగు. తర్వాత మూడు వందల ఎనభై ఆరు."

"అవి పాటల నంబర్లమ్మా!"

"అవునే. మీ నాన్న ఇప్పుడేగా చెప్పారు. వినలేదా?"

ఉద్యోగి నవ్వుతూనే ఆ అంకెలు కొట్టాడు. తెర మీద పచ్చ టిక్కు పడింది. అతని నవ్వు ఆగిపోయింది.

బయటికొచ్చి ఆ నంబరుకు చేశాను. స్విచ్ఛాఫ్. సిమ్ము మేం మళ్లీ తీసుకోలేదు. ఇంకెవరికీ ఇవ్వలేదని ఫోన్ షాపులో చూసి చెప్పారు. అమ్మకు చదువు రాదు, ఉద్యోగి ముఖం ఆమె అంతకుముందు చూడలేదు.

చుట్టాలు ఆత్మ అన్నారు. నేను ఒప్పుకోలేదు. సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. నాకు తెలియనిదాన్ని దేవుడి పేరు మీద చెప్పనన్నాను. ఎలా జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు.

అమ్మ పేరు మాత్రం కార్డులో ఉంది. మళ్లీ వేలు పెట్టమంటారు, మళ్లీ పడదు. అననివ్వండి. ఈసారి నేనూ పక్కనే కూర్చుని వింటాను.